ఇప్పపూల సీసా మీద ఎవరి పేరు?

చలికాలం ఆదివారం వస్తే చాలు... దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాకల నుంచి తెల్లారకముందే బయల్దేరిన కార్లు అనంతగిరి ఘాట్ ఎక్కేస్తాయి. వారమంతా స్టీలుప్లాంటులో షిఫ్టులు చేసినవాళ్లకు అరకు అంటే అదో ఆటవిడుపు. బొర్రా గుహలు, బొంగులో చికెన్... ఇంట్లోవాళ్లు కాస్త అటు తిరిగితే ఓ గ్లాసు జీలుగు కల్లు! గ్లాసు ఖాళీ అయ్యాక ఎవరో ఒకరికి ఆ ఆలోచన రాక మానదు. దీన్ని అందమైన సీసాలో పోసి, పైన ఓ గిరిజన బొమ్మ వేసి అమ్మితే?

కల్లుతో ఆ పని కాదు. చెట్టు దిగిన దగ్గర్నుంచీ పులుస్తూనే ఉంటుంది. ఇప్పపువ్వు సంగతి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలిన పూలను వేకువనే ఏరి, ఎండబెట్టుకుంటే నెలల తరబడి నిల్వ ఉంటాయి. వాటిని నానబెట్టి, పులియబెట్టి, కుండలో కాచి, ఆ ఆవిరిని చల్లబరిస్తే ఇప్పసారా. గోండులకైనా కోయలకైనా అది వట్టి మత్తు కాదు. పండగలో, పెళ్లిలో ముందు దేవుడికి, పెద్దలకు ధారపోశాకే మనుషుల వంతు.

ఆ పువ్వుకిప్పుడు గిరాకీ వచ్చింది. డెస్మండ్ నజరత్ అనే ఐఐటీ మద్రాస్ పూర్వ విద్యార్థి చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి, దక్కన్ పీఠభూమిలో పెరిగే అగేవ్ (మన కిత్తనార జాతి మొక్కే) నుంచి 2011లో మద్యం తెచ్చారు. 'డెస్మండ్‌జీ' పేరుతోనే 2018లో గోవా మార్కెట్లోకి ఇప్పపూల మద్యాన్నీ దించారు. మధ్యప్రదేశ్‌ది మరో దారి. ఇప్పసారాను 'వారసత్వ మద్యం'గా గుర్తిస్తామని అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2021 నవంబరులో ప్రకటించారు. తయారీని గిరిజన స్వయం సహాయక సంఘాల చేతికే ఇచ్చారు. రెండు దారుల్లోనూ పువ్వు ఒకటే. బట్టీ ఎవరిదన్నదే తేడా.

ఆ తేడా ఎంత పెద్దదో మన కొండలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

రంపచోడవరం కొండల్లో గిరిజనులు తమ చెట్ల కల్లు తామే గీసుకుని తాగేవారు. దానిమీద రంప మున్సబుదారు వసూలు చేసింది 'చిగురుపన్ను'. అది చాలదన్నట్టు బ్రిటిష్ ప్రభుత్వం అబ్కారీ నిబంధనలను కొండ మీదికీ తెచ్చింది. ఇంటి అవసరానికి కూడా కల్లు గీయకూడదంది. గుత్త హక్కులు మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు దక్కాయి. తన చెట్టు, తన కుండ... కొనుక్కోవలసింది మాత్రం పరాయివాడి దగ్గర! 1879 మార్చిలో రంప తిరగబడింది. కారం తమ్మన్నదొర వంటివారి నాయకత్వంలో పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. తిరుగుబాటు విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, భద్రాచలానికి పాకింది. అణచడానికి సైన్యం రావలసి వచ్చింది. అల్లూరి సీతారామరాజు పోరాటానికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. ఇతర కారణాలూ లేకపోలేదు కానీ, నిప్పు రాజేసింది కల్లు ముంతే. అటు బొంబాయి రాష్ట్రంలో 1892లో చేసిన చట్టమైతే ఇప్పపూలు ఏరడం మీదే ఆంక్షలు పెట్టింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 'సామాజిక స్పృహ ఉన్న మద్యం' అంటే ఢిల్లీలోనో ముంబయిలోనో తలూపుతారు. తెలుగునాట ఆ మాట అనడానికి కాస్త ధైర్యం కావాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు సారా దుకాణం మూయించిన చోటు ఇది. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో సడలించారనుకోండి! అయినా కూలి డబ్బులు ఇంటికి రాక పస్తులున్న ఆడవాళ్ల ముందు నిలబడి 'ఇది మంచి సారా' అని చెప్పడం మాటలు కాదు.

మరి అలాంటి బ్రాండును తీర్చిదిద్దేవాళ్లు ఏం చేయాలి? మన దేశంలో టీవీల్లో మద్యం ప్రకటనలు కుదరవు కాబట్టి సీసా, లేబులే ప్రకటన. గుస్సాడీ నెమలీకల టోపీనో, సవర బొమ్మలనో అచ్చు వేయడం చాలా తేలిక. వేసినవాళ్లకు వాటా ఇవ్వడమే కష్టం. అరకు కాఫీని చూడండి. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు సహకార సంఘంగా ఏర్పడి పండించిన గింజ అది. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచినా పేరు అరకుదే, వెనక సంఘం రైతులదే. ఇప్పసారాకూ ముందు సంఘం, ఆ తర్వాతే లేబులు అనుకుంటే కథ మారుతుంది. పూలు ఏరే మహిళకు కిలో ధరతో సరిపెట్టకుండా సీసా ధరలోనూ భాగం దక్కాలి.

అసలు అనుమతి అడగాల్సింది ఎవరినో కూడా చట్టంలో ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, కావాలంటే నిషేధించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. అంటే ఆ చెట్ల కింద కూర్చున్న ఊరు వద్దంటే, ఎంత అందమైన సీసా అయినా అక్కడ అమ్మకానికి పెట్టకూడదు.

ఈలోగా అదే పువ్వుకు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు మహిళలు ఇంకో దారి చూపించారు. సహకార సంఘం పెట్టుకుని ఇప్పపూలతో లడ్డూలు చేస్తున్నారు. రక్తహీనతకు మంచిదని గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు పెడుతున్నారు. డబ్బా మీద పేరూ, బట్టీ మీద మూకుడూ వాళ్లవే. ఎక్సైజు లైసెన్సు గొడవ అసలే లేదు!