రక్తపు పోటు: పట్టీ చుట్టేముందు

జ్వరం చూచే ధర్మామీటరు పక్కనే రక్తపు పోటు చూచే యంత్రం కూడా ఇప్పుడు చాలా ఇళ్ళల్లో చేరింది. మీట నొక్కితే పట్టీ తనంతట తానే బిగిసి, సడలి, అంకెలు చూపుతుంది. అయితే ఆ అంకెలను నమ్మవచ్చునా అన్నది మనం కూర్చున్న తీరునుబట్టి ఉంటుంది.

స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు గుర్రం ధమనికి గాజుగొట్టం తగిలించి, నెత్తురు 8 అడుగులకు పైగా ఎగబాకిందని 1733లో లోకానికి తెలియజేశాడు. చేతికి పట్టీ చుట్టి కొలిచే విధానం 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి చలవ. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ స్టెతస్కోపుతో చప్పుళ్ళు వినడం నేర్పాడు. నేటి ఇంటి యంత్రం పట్టీలోని నాడి కంపాన్నిబట్టి లెక్క కడుతుంది. మనం కదిలినా, మాట్లాడినా ఆ లెక్క తప్పుతుంది.

మెదకులో మా మేనమామగారి యింట జరిగిన సంగతి చెబితే ఇది తేలికగా బోధపడుతుంది. ఆయనకు డెబ్బయ్యేళ్ళు. ఒకనాటి ఉదయం ఖిల్లా దాకా నడిచి వచ్చి, చాయ తాగి, మంచంమీద కాలుమీద కాలు వేసుకొని, చొక్కామీదనే పట్టీ చుట్టుకొన్నారు. పై అంకె 168!

"ఇయ్యాల బాగ పెరిగిందిరా. ఇంకో గోళీ ఏసుకుంట" అన్నారు.

"జర ఆగు మామా" అని వారించాను.

అరగంట గడిచాక కుర్చీలో కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఊరకుండమని, మళ్ళీ చూశాను. 142. ఒక్క నిమిషం ఆగి చూస్తే 138. ఆ రెండో గోళీ వేసుకొని ఉంటే, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడినా పడవచ్చు. ఆ వయసులో తుంటి ఎముక విరగడమంటే మాటలా?

కనుక కాఫీ, టీ, పొగ, నడక అయిన అరగంట వరకు యంత్రం ముట్టవద్దు. మూత్రవిసర్జన చేసి రండి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు మోపండి. పట్టీ చర్మంమీదనే ఉండాలి. లావుపాటి చేతికి పెద్ద పట్టీ కావాలి. మోచేతిని బల్లమీద గుండె ఎత్తున ఉంచండి. చెయ్యి పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపుతుంది.

ఉదయం మందుకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున వారంరోజులు చూచి వ్రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలి, తక్కినవాటికి సగటు కట్టండి. డాక్టరును చూడగానే కొందరికి పోటు పెరుగుతుంది. అందుచేత ఆసుపత్రిలో 140/90 హద్దయితే, ఇంటి సగటుకు 135/85 హద్దు.

180/120 దాటి, గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒకపక్క చెయ్యి కాలు పడిపోవడం వంటివి ఉంటే మాత్రం లెక్కలు కట్టుకొంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ బాధలేవీ లేకుండా అంకె అంత ఎక్కువగా ఉంటే, కాసేపాగి మళ్ళీ చూడండి. తగ్గకపోతే ఆరోజే డాక్టరుకు చెప్పండి. మందు పెంచడం, మానడం ఆయన పని. ఆ వారంరోజుల చీటీ ఆయనకు అందించడం మన పని.