బీచ్ రోడ్డులో నాలుగు పాఠాలు: విశాఖ–భీమిలి ఫీల్డ్ ట్రిప్ ఎందుకు, ఎలా?



7, 8 తరగతుల పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్తున్నామని సర్క్యులర్ పంపగానే మీలో చాలామంది క్లాస్ టీచర్లను రెండు ప్రశ్నలు అడిగారు. కైలాసగిరి, రుషికొండ ఎందుకు పెట్టలేదన్నది మొదటిది. అంతదూరం వెళ్లి పిల్లల్ని సముద్రంలోకి దిగనివ్వరా అన్నది రెండోది. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. వాటికి ఇక్కడ వివరంగా జవాబు చెబుతున్నాం.

కైలాసగిరికి, రుషికొండకు మీరు కుటుంబంతో ఎప్పుడైనా వెళ్లవచ్చు. ఒకచోట ఆగి, తీరిగ్గా చూసి, ప్రశ్న వేసి, నోట్సు రాసుకోవడం మాత్రం కుటుంబ షికారులో కుదరదు. ఆ పని బడి చేయాలి. ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం వరకు సుమారు 25 కిలోమీటర్ల తీరం వెంట రెండు వేల ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. అందులోంచి నాలుగు చోట్లను ఎంచుకున్నాం. సముద్రం మీదుగా ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఏం వదిలి వెళ్లారు అన్నదే ఈ యాత్రకు ముఖ్య ప్రశ్న.

మొదటి మజిలీ: కురుసుర జలాంతర్గామి

ఆర్కే బీచ్ ఒడ్డున ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర బొమ్మ కాదు, నిజమైన జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ సమయంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. 31 ఏళ్ల సేవ తర్వాత 2001లో విరమించింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది.

లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వెళ్లాలి. 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో సుమారు 75 మంది ఎలా తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, మంచినీళ్లు ఎలా పొదుపు చేసుకున్నారు అని పిల్లలు అడగాలి. అక్కడి గైడ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు ఉంటారు. వాళ్ల అనుభవం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇనుముతో చేసిన ఓడ ఎలా మునిగి మళ్లీ ఎలా తేలుతుంది? ట్యాంకుల్లోకి నీళ్లు నింపితే బరువెక్కి మునుగుతుంది, గాలి ఒత్తిడితో ఆ నీటిని బయటికి తోసేస్తే తేలుతుంది. సైన్స్ క్లాసులో చెప్పుకున్న ఆర్కిమెడిస్ సూత్రం ఇదే.

రెండో మజిలీ: తొట్లకొండ

భీమిలి దారిలో, సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఇది. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ ఆరామం ఉండేది. నౌకాదళం చేసిన సర్వేలో ఈ స్థలం బయటపడింది. 1988 నుంచి 1993 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, భిక్షువుల గదులు, సమావేశ మందిరం, వంటశాల, భోజనశాల ఆనవాళ్లు దొరికాయి. వాన నీటిని నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. నదీ చెరువూ లేని కొండమీద అంతమంది ఎలా బతికారన్న ప్రశ్నకు జవాబు ఆ పేరులోనే ఉంది.

తవ్వకాల్లో శాతవాహనుల కాలపు సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఇక్కడ పిల్లలకు ఒక చిక్కు ప్రశ్న ఇస్తాం. రోమన్ నాణెం దొరికితే రోమన్ మనిషి ఈ కొండ ఎక్కాడని అర్థమా? కావచ్చు, కాకపోవచ్చు. నాణెం పది చేతులు మారి, ఒక వ్యాపారి కానుకగా ఇక్కడికి చేరి ఉండవచ్చు. సాక్ష్యం ఏం చెబుతోంది, మనం ఏం ఊహిస్తున్నాం అనే తేడా ఒక్కసారి పట్టుబడితే ఆ అలవాటు వాట్సాప్‌లో వచ్చే ప్రతి మెసేజ్ దగ్గరా పనికొస్తుంది.

మూడో మజిలీ: ఎర్రమట్టి దిబ్బలు

వీటిని చాలామంది సినిమా పాటల్లో చూసే ఉంటారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవారసత్వ ప్రదేశం ఇది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచు యుగంలో, సముద్ర మట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగింది. అప్పుడు బయటపడిన ఇసుకను గాలి లోపలికి తెచ్చి పోసింది. ఈ దిబ్బలు పేరుకోవడంలో ఇలాంటి మార్పులకు పెద్ద పాత్ర ఉంది. ఇనుప ఆక్సైడు వల్ల ఇసుక ఎర్రబడింది. వాన నీరు వాటిని లోతుగా కోసింది. ఇప్పుడు తవ్వకాలు, జనం తాకిడి వాటిని ఇంకా వేగంగా కరిగిస్తున్నాయి. అందుకే పిల్లలు దిబ్బల అంచులు ఎక్కరు, గుర్తుగా మట్టి తెచ్చుకోరు. ఇంటికి వచ్చాక జేబులో ఎర్రమట్టి కనిపిస్తే దయచేసి అడగండి.

నాలుగో మజిలీ: భీమిలి డచ్చి సమాధులు

గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఉన్న భీమునిపట్నంలో 17వ శతాబ్దం నుంచి డచ్చివారు వ్యాపారం చేశారు. మన తీరంలో నేసిన బట్టలు కొని ఇండోనేషియా దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు తీసుకునేవారు. అంటే యూరప్ వంటింటికి చేరిన జాజికాయ వెనుక మన నేతగాడి చెమట కూడా ఉంది. 1825లో ఊరు ఇంగ్లిషువారి చేతికి వెళ్లింది. డచ్చివారి సమాధులు మిగిలాయి. రాళ్లమీద పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు కనిపించినచోట పిల్లలు తీసివేత చేసి వయసు కట్టాలి. ఆ అంకె చూశాక, ఇంత దూరం ఎందుకు వచ్చారు, ఏం పోగొట్టుకున్నారు అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

నీళ్లలోకి ఎందుకు దించం?

ఈ విషయంలో మినహాయింపు లేదు. కన్సెంట్ ఫారంలో మీరు ప్రత్యేకంగా అనుమతి రాసినా పిల్లల్ని చీలమండల లోతు నీటిలోకి కూడా పంపం.

కారణం రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి వెళ్లాలి కదా. కొన్నిచోట్ల అదంతా ఒక సన్నని పాయగా చేరి బలంగా వెనక్కి వెళ్తుంది. ఆ వేగం కొన్నిసార్లు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. మంచి ఈతగాడు కూడా దానికి ఎదురు ఈదలేడు. మోసం ఎక్కడంటే, ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా విరుగుతాయి. చూసేవారికి అదే ప్రశాంతమైన చోటుగా కనిపిస్తుంది. పిల్లలు సరిగ్గా అక్కడికే వెళ్తారు.

వేసవిలో మీరు కుటుంబంతో బీచ్‌కి వెళ్లినప్పుడూ ఇది గుర్తుంచుకోండి. ఎవరైనా ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురు ఈదకూడదు. తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. కాపాడాలని వెంటనే దూకితే రెండో ప్రాణమూ ప్రమాదంలో పడుతుంది. ముందు లైఫ్‌గార్డును పిలవండి. ఖాళీ క్యాను, తాడు, తేలే వస్తువు ఏదైనా విసరండి.

మీరు చేయాల్సినవి

• ఆస్తమా, అలర్జీ, మూర్ఛ, బస్సులో వాంతులు వంటివి ఉంటే ఫారంలో తప్పకుండా రాయండి. మందులను పేరు, మోతాదు రాసిన కవర్లో పెట్టి క్లాస్ టీచరుకు ఇవ్వండి.
• జారని, పట్టీ ఉన్న బూట్లు, టోపీ, నీళ్ల సీసా పంపండి. బంగారు వస్తువులు, ఫోన్ వద్దు.
• మధ్యాహ్నానికి పులిహోర, చపాతీ వంటివి పెట్టండి. ఎండకు త్వరగా పాడయ్యేవి వద్దు.
• ఆడపిల్లలకు అవసరమైతే శానిటరీ ప్యాడ్లు మహిళా టీచర్ల దగ్గర ఉంటాయి. ఈ మాట మీ అమ్మాయికి ముందే చెప్పండి.

ట్రిప్ తర్వాత ఒక పేజీ రాయమని అడుగుతాం. దానికి మార్కులు ఉండవు. దయచేసి మీరు రాసిపెట్టకండి, ఇంటర్నెట్ నుంచి దించుకోనివ్వకండి. బస్సు దిగి ఇంటికి వచ్చాక "బాగా ఎంజాయ్ చేశావా?" అని అడిగితే "ఆఁ" అన్న ఒక్క జవాబే వస్తుంది. "తొట్లకొండ మీద నీళ్లు ఎక్కడివి? నాణెం అక్కడికి ఎలా వచ్చి ఉంటుంది?" అని అడిగి చూడండి. భోజనం అయ్యేదాకా కబుర్లు ఆగవు.