నిధి కంటె చోటు గొప్పది

నిధి అనే మాట వినగానే మన సీమలో చాలమందికి మొదట గుర్తుకు వచ్చేది గునపం. పాత కోట కనబడితే చాలు, దాని క్రింద రాయలనాటి బంగారం ఉన్నదని నమ్మేవారు నేటికీ ఉన్నారు. గత శీతకాలంలో మేము విద్యార్థులతో కడప నుండి గండికోటకు చేసిన యాత్ర కూడ ఒక నిధుల వేటయే. అయితే మా చేతిలో గునపం లేదు. సెల్‌ఫోన్ మాత్రమే ఉన్నది.

ఈ వేటకు జియోక్యాషింగ్ అని పేరు. ఉపగ్రహాల సంకేతాలతో భూమిపై మన స్థానాన్ని తెలిపే జి.పి.ఎస్. పద్ధతిలో అమెరికా ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే 2న తొలగించింది. మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక డబ్బాను దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. వెదకి కనుగొన్నవారు అందులోని పుస్తకంలో పేరు వ్రాయాలి. ఒక వస్తువు తీసుకొంటే మరొకటి ఉంచాలి. ఇంతే ఆట. డబ్బా విలువ స్వల్పం. చోటును కనుగొనడమే ఆనందం.

మా మొదటి మజిలీ కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం. 1982లో నెలకొన్న ఈ చిన్న ప్రదర్శనశాలలో జిల్లా నలుమూలల నుండి వచ్చిన శిల్పాలున్నాయి. శిల్పం అందాన్నే కాక, అది దొరికిన ఊరి పేరును కూడ వెదకుమని విద్యార్థులకు చెప్పాము. ఊరు తెలిస్తే కాలం, వంశం, మతం ఒక్కొక్కటిగా తెలిసివస్తాయి. ఊరు తెలియని విగ్రహం చిరునామా లేని ఉత్తరం వంటిది.

ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్ల దీనికి గొప్ప నిదర్శనం. రేనాటి చోళుడైన ధనంజయుని శాసనం ఈ ఊరిదే. సుమారు క్రీ.శ. 575 నాటి ఈ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తారు. నిధి ఆశతో ఎవడైనా ఆ రాతిని పూర్తిగా పిండి చేసి ఉంటే, మన భాష తన బాల్యానికి సాక్ష్యాన్నే కోల్పోయేది.

జమ్మలమడుగు దాటి గండికోట చేరేసరికి ప్రొద్దు వాలుతున్నది. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారిన గండియే కోటకు పేరు ఇచ్చింది. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు మినార్లు, ధాన్యాగారం చూస్తూ నడుస్తుండగా, ఒక పాడుబడిన గోడ ప్రక్కన గొయ్యి కనిపించింది. బండలు పెకలించి ఉన్నాయి. అప్పటిదాకా కేరింతలు కొట్టిన పిల్లలు మౌనం వహించారు. “సార్, వాళ్ళకు ఏమైనా దొరికిందా?” అని ఒక విద్యార్థి అడిగాడు. దొరికిందో లేదో మాకు తెలియదు. పోయినది మాత్రం ఎదుటనే ఉన్నది. ఏ పొరలో ఏ వస్తువు, దేని ప్రక్కన ఉండినదో అదియే చరిత్రకారునికి ఆధారం. పొర చెదరిన తరువాత బంగారం దొరికినా అది మూగ లోహమే.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయవలసి ఉన్నది. రక్షిత కట్టడాలలో త్రవ్వడం నేరం. అందుచేత మా విద్యార్థి ఒకడు గోడ సందులో డబ్బా దాచబోగా వారించాము. డబ్బాయే లేని వేట కూడ ఉన్నది. నియమిత స్థలానికి చేరి, అక్కడ చూచి తెలుసుకోదగిన ప్రశ్నకు జవాబు వ్రాయాలి. గోపురమూ మినార్లూ ఒకేసారి కనిపించే చోటును కనుగొనుమని మేము అడిగాము. అరగంటలో అందరూ ఒకే బండపై నిలిచారు.

రత్నాల వర్తకుడైన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే 1652లో ఇక్కడ మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన అమ్మిన రత్నాలు ఎన్ని చేతులు మారాయో ఎవరెరుగుదురు? ఆయన వ్రాసిన పుటలు మాత్రం నేటికీ మనకు గండికోటను చూపుతున్నాయి. విద్యార్థి మిత్రులారా, మీ ఊరి పొలిమేరలో కూడ అక్షరాలున్న రాయి ఒకటి ఉండవచ్చును. దానిని కదల్చకండి, ఉన్న చోటును వ్రాసి తెలియజేయండి.