అరకు కొండల పంచాంగం

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి ఓడల మీద జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి, ఆ దేశపు సహకారంతో 1960లో తలపెట్టిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గమే నేడు అరకు లోయకు యాత్రికులను తీసుకువస్తున్నది. ఖనిజం బళ్ళ కోసం తూర్పు కనుమలను తొలిచిన సొరంగాల గుండా తరువాతి కాలంలో ప్రయాణికుల బండి నడిచింది. 2017లో దానికి అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టె తోడయింది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయకు పొద్దున వచ్చి మరునాటికి తిరిగిపోయేవారు బొర్రా గుహలను, పద్మాపురం తోటను, బొంగు చికెన్‌ను జ్ఞాపకం ఉంచుకొంటారు. అవన్నీ చూడదగినవే, రుచి చూడదగినవే. అయితే ఈ కొండల్లో పుట్టి పెరిగినవారి ప్రయాణాలు, వేడుకలు, విందులు సంత రోజులను, పంట కాలాలను బట్టి సాగుతాయి కనుక, ఆ లెక్క తెలియనివారికి అరకు సగమే కనిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ ప్రాంతంలో బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ, కోందు మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. ఇంట్లో సొంత భాష మాట్లాడే కుటుంబాలు కూడా ఇతర తెగలవారితో ఆదివాసీ ఒడియాలోనో తెలుగులోనో మాట్లాడుకొంటాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా నిరోధించే 1/70 చట్టం ఇక్కడ అమలులో ఉన్నది. ఆ రక్షణకు మరింత బలం చేకూర్చిన 1997 నాటి సుప్రీంకోర్టు 'సమత' తీర్పు ఈ కొండల్లోని అనంతగిరి మండలపు గనుల వివాదం నుంచే పుట్టింది. ఇక్కడి ఆచారాలన్నీ నేలతో ముడిపడినవి కాబట్టి, ఆ నేల చేతిలో ఉండటం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

కొండవారికి వారం వారం జరిగే విహారం సంత. తెల్లవారకముందే పురుషులు కావిళ్ళతోను, స్త్రీలు తలమీద తట్టలతోను బయలుదేరి, వాగులు దాటి, దారిలో కలిసిన చుట్టాలతో కబుర్లాడుతూ కొన్ని మైళ్ళు నడిచి సంతకు చేరుతారు. ఇప్పుడు జీపులు, ఆటోలు వచ్చినా రోడ్డు లేని గూడేలవారికి నడక తప్పలేదు. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, చింతపండు, తేనె, కొండచీపుళ్ళు, అడ్డాకులు కొండ మీది నుంచి దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, ఉల్లిపాయలు, బట్టలు మైదానం నుంచి వస్తాయి. కుంచాలు, అడ్డలతో కొలిచే రోజుల్లో కొలతలోను, అప్పులోను వ్యాపారులు చేసే మోసం అంతా ఇంతా కాదు. ఆ దోపిడీని అరికట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీ ఉత్పత్తులను ప్రకటించిన ధరకు కొనడం, బియ్యం మొదలైన సరుకులను తన డిపోల్లో అమ్మడం ప్రారంభించింది. బేరం సంతలో సగభాగమే. పెళ్ళి మాటలు, తగాదాల కబుర్లు, మరో ఊళ్ళో కాపురముంటున్న ఆడపిల్ల క్షేమసమాచారం, జీలుగు కల్లు చుట్టూ చేరే స్నేహితులు, ఇవన్నీ కలిస్తేనే సంత.

పంటకు సంబంధించిన ఆచారాల్లో 'కొత్త' ప్రధానమైనది. సామలు గాని, కొర్రలు గాని, చిక్కుళ్ళు గాని, చివరకు మామిడికాయ గాని, ఆ ఏటి తొలి పంటను దేవతకు సమర్పించి ఊరంతా కొత్త తినేదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. ముహూర్తాన్ని దిసారి నిర్ణయిస్తాడు. దిసారి అంటే తిథి, నక్షత్రాలు చూసి మంచిచెడ్డలు చెప్పే ఊరి పెద్ద. ముదరని కాయను కోయకుండా, విత్తనం కట్టే వ్యవధి చెట్టుకు, చేనుకు దొరకడం ఈ నియమం వల్ల కలిగే మేలు. ఈ కొండల మీదుగా వెళ్ళిన ఖనిజాన్ని దిగుమతి చేసుకొన్న జపాన్‌లోనూ ఇటువంటి ఆచారం ఉన్నది: ఏటా నవంబరు 23న చక్రవర్తి కొత్త బియ్యాన్ని దేవతలకు నివేదించి తానూ ఆరగించే ఆ క్రతువును నీనామేసాయి అంటారు, 1948 నుంచి ఆ రోజు శ్రమకు కృతజ్ఞత చెప్పే జాతీయ సెలవుదినంగా సాగుతున్నది. అక్కడ రాజప్రాసాదంలో జరిగేది ఇక్కడ ప్రతి గూడెంలోను, ప్రతి పంటకూ విడివిడిగా జరుగుతుంది.

చైత్రమాసపు ఇటుకల పండుగ వేటతో ముడిపడిన వేడుక. విత్తనాలకు పూజ చేసి, పురుషులు విల్లంబులతో అడవికి వెళ్ళడం, ఉత్తచేతులతో తిరిగివచ్చినవారిని స్త్రీలు ఆటపట్టించడం పూర్వపు రివాజు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక నేడు అడవికి వెళ్ళడం ఆచారంగానే మిగలాలి. పురుషులు ఊళ్ళో లేని ఆ రోజుల్లో స్త్రీలు దారికి అడ్డంగా కర్ర కట్టి, పాటలు పాడుతూ, బాటసారుల దగ్గర పండుగ మామూలు వసూలు చేస్తారు. ఆ కర్ర దగ్గర కారు ఆగినప్పుడు విసుక్కొనే యాత్రికుడు తాను ఒక పండుగ గడపలో నిలబడినట్లు గ్రహించడు. రాత్రిళ్ళు డప్పు, తుడుము, మోరి, జోడుకొమ్ములు మోగుతుండగా స్త్రీలు వెనుకకు చేతులు పెనవేసుకొని వలయంగా ఆడే థింసా, వేదికల మీద పావుగంటలో ముగిసే ప్రదర్శనకు భిన్నంగా, అలసినవారు తప్పుకొంటూ కొత్తవారు చేరుతూ గంటల తరబడి సాగుతుంది.

చలికాలంలో యాత్రికుల రద్దీ, కొండవారి పని ఒకేసారి ముమ్మరమవుతాయి. పసుపు పచ్చగా పూచిన వలిసె చేలు ఫొటోలకు ఎంత అందమైనవో, నూనెగింజ కోసం వాటిని సాగుచేసిన రైతుకు అంత విలువైనవి. తొక్కిన మొక్క గింజ కట్టదు కనుక చేలోకి దిగేవారి నుంచి కొందరు రైతులు రుసుము తీసుకోవడం న్యాయమే. సరిగ్గా ఆ నెలల్లోనే, సిల్వర్ ఓక్ నీడన మిరియాల తీగలతో కలిసి పెరిగే అరబికా కాఫీ పండుతుంది. 2017లో పారిస్‌లో అంగడి తెరిచి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాఫీ పండ్లు ఒకేసారి ఎర్రబడవు. పండినవాటినే ఏరుతూ ఒక్కొక్క మొక్క దగ్గరకు పలుమార్లు రావాలి, కోసిననాడే పైతోలు తీయాలి, కడిగి ఎండబెట్టాలి, మంచు కురిసే వేళకు కప్పి ఉంచాలి. ఇంటిల్లిపాదీ చేసిన ఆ పనికి ప్రతిఫలంగా ఎండిన గింజ సహకార సంస్థకో, వ్యాపారికో చేరినప్పుడు చేతికందే సొమ్ముతోనే బట్టలు, ఎడ్లు, ఇంటి మరమ్మతు, వేసవిలో జరగబోయే పెళ్ళి ఖర్చు సమకూడుతాయి.