పుంజుల బీజశక్తియు మూలికాచూర్ణములును

వేసవిలో పొదుగబెట్టిన గ్రుడ్లలో సగము చెడిపోయినచో మనవారు మొదట పుంజును నిందింతురు. పిమ్మట సంతలో పొట్లము కొందురు. పెన్నేరు గడ్డయో, దూలగొండి గింజయో, పల్లేరు కాయయో, లేక మూడును కలిపిన చూర్ణమో ఆ పొట్లమందుండును. ఇవన్నియు వట్టి మోసమని చెప్పుట మా యభిప్రాయము గాదు. అయితే రూకలు చెల్లించుటకు ముందు, పుంజు కడుపులో జరుగు పని యెట్టిదో సభ్యులు తెలిసికొనుట మేలు.

పుంజు వృషణములు పొట్టేలునకు వలె వెలుపల వ్రేలాడవు. అవి వెన్నెముక క్రింద, మూత్రపిండముల చెంత నుండును. అచ్చట శుక్రకణము తయారగుటకు సుమారు రెండు వారములు పట్టును. నాళము గుండ వెలువడుటకు మరికొన్ని దినములు కావలెను. కావున నేడు మ్రింగించిన మందు ఫలము వారములో కనబడ నేరదు. ఇక పెట్టయందు మరియొక చిక్కు కలదు. అది తన గ్రుడ్డునాళమందలి సూక్ష్మమైన గొట్టములలో శుక్రకణములను దాచుకొని, ఒక్కసారి పుంజుతో కూడిన పిమ్మట సుమారు రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, బీజముగల గ్రుడ్లను పెట్టగలదు. సోమవారము చూర్ణము పెట్టి శనివారపు గ్రుడ్డును చూచి మందు పని చేసినదనువాడు, ముందే దాగియున్న బీజపు పుణ్యమును పొట్లమునకు కట్టబెట్టుచున్నాడు.

మూలికలయందు ఆశ కలుగుటకు కారణము లేకపోలేదు. పుంజు శుక్రకణపు పొరలో త్వరగా చెడిపోవు జాతి కొవ్వు మెండు. నిలువయున్న నూనె కంపు కొట్టునట్లు, ఎండదెబ్బ తగిలిన పుంజు శరీరములో ఆ కొవ్వు చెడును. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పుటయే దానికి శరణ్యము. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతములలో మే నెల వేడిమి 40 డిగ్రీలు దాటు దినములందు పుంజు మేత మానుకొనును, వీర్యమును క్షీణించును. ఇట్టి చెడుపును అరికట్టు గుణము విటమిను-ఇ కిని సెలీనియమునకును కలదని రుజువైనది. పెన్నేరు మొదలగువానికిని కొంత యీ గుణము కలదు. పుంజులపై జరిపిన కొన్ని పరీక్షలలో వీర్యము మెరుగైనట్లు తేలినది. కాని యవి కొలది పక్షులతో, నికరమైన చూర్ణమును తూచి, సమమైన మేతతో కలిపి చేసినవి. సంత పొట్లములో వేరెంతయో మట్టియెంతయో యెవరు తూచిరి?

మూలికయైనంత మాత్రమున హాని లేదనుకొనుటయు పొరపాటు. బొప్పాయి గింజలును వేపాకును మగ యెలుకల బీజశక్తిని తగ్గించునని పరీక్షలలో తేలినది. పత్తిగింజలలోని గాసిపాల్ అను పదార్థము మగవారి బీజమునకే చెరుపు చేయునని చీనాదేశమందు కనుగొనిరి. నులిపురుగులకని వీనిని పుంజునకు వాడుకగా మేపువారు, జాతికి నిలిపిన పుంజును మినహాయించుట మంచిది.

మేత విషయము మరింత ముఖ్యము. మనది వేరుసెనగ సీమ. చెక్క చవుకగా దొరకును. బూజుపట్టిన చెక్కలో అఫ్లటాక్సిన్ అను విషముండును. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు ఈ విషముచే చచ్చినవి. 1982లో మన చిత్తూరు జిల్లాలోను కోడిపిల్లలు విస్తారముగ చచ్చినవి. కాలేయము చెడిన పుంజును ఏ వేరును బాగుచేయజాలదు. మరియొక మాట: మంచి పుంజు గింజ కనబడగనే పెట్టలను పిలిచి, వానికి విడిచి, తాను పస్తుండును. కావున సజ్జలో, రాగులో దానికి ప్రత్యేకముగ వేయవలెను. మునగాకు కూడ కలిపిన మంచిదే. అది పెరటిలోనే యున్నది.

అసలు తప్పు పుంజుదేనా? ఏడవనాటి రాత్రి గ్రుడ్డును టార్చి దీపమునకు అడ్డుపెట్టి చూడుడు. సాలెపురుగు వలె నరములు వ్యాపించియున్న నది బ్రదికియున్నది. ఎఱ్ఱని వలయము మాత్రమే యున్నచో పిండము మొలచి చచ్చినది. బీజము తగిలినది గనుక దానికి పుంజును దూరవలదు. ఎండకాలపు ఇంటివేడికే పిండము కొంత పెరిగి, పొదుగక మునుపే చచ్చుట సామాన్యము. గ్రుడ్లను వారమునకు మించక, తడియిసుకపై నుంచిన కుండలో నిలువచేసిన ఈ నష్టము తగ్గును. ఏమియు లేక తెల్లగ నున్న గ్రుడ్లు పెక్కైనప్పుడే పుంజును శంకింపవలెను. అప్పుడును పేను, ముదిమి, పెట్టల సంఖ్య చూడవలెను. ఒక పుంజునకు ఎనిమిది పది పెట్టలు చాలును. పందెములో గెలిచిన అసీలు పుంజు పిల్లలను పుట్టించుటలోను గెలుచునను నమ్మకము నిలువదు.

ఇంతయు చూచినను చూర్ణము పెట్టదలచినవారు ఇట్లు చేయుడు. ఒకే యీడు గల రెండు పుంజులను, చెరి ఆరు పెట్టలతో, పొరుగువాని పుంజు చొరకుండ వేర్వేరు దొడ్లలో నుంచుడు. మేత రెంటికిని ఒకటే, చూర్ణము ఒకదానికే. నాలుగు వారములు గడచిన పిమ్మటి గ్రుడ్లపై పెన్సిలుతో గురుతు వేసి పొదుగబెట్టి, ఏడవనాడు దీపమునకు చూచి తెల్లగ్రుడ్లను లెక్కింపుడు. లెక్కలో తేడా స్పష్టముగ లేనిచో పొట్లము రూకలు మిగిలినట్లే. తేడా కనబడినచో పుంజులను మార్చి మరల చేయుడు. ఆ లెక్కను 1955లో తిరుపతియందు నెలకొన్న పశువైద్య కళాశాలవారికి చూపి సలహా అడుగవచ్చును.