కిటికీలోని కిట్టీ ఎవరి బిడ్డ?

మీ అమ్మమ్మ పేరు మీకు తెలుసు. ఆమె తల్లి పేరు తెలుసా? ఆ తల్లి పుట్టింటివారి ఇంటిపేరు ఏమిటి? మనలో చాలామందికి తెలియదు. ఎందుకని? ఎవరూ రాసిపెట్టలేదు. అంతే.

ఇంగ్లాండు దేశంలో లివర్‌పూల్ అనే రేవు పట్నం ఉంది. అక్కడ ఒక పెద్ద చర్చి ఉంది. అందులో రంగు గాజు ముక్కలతో చేసిన కిటికీలు ఉన్నాయి. వాటిలో కొన్ని గొప్ప ఆడవాళ్ళ పేరు మీద పెట్టినవి. అందులో విక్టోరియా రాణి ఉంది. పక్కింటివాళ్ళ బట్టలు ఉతికించిన ఒక పేదరాలు కూడా ఉంది. ఆమె పేరు కిట్టీ విల్కిన్సన్.

ఇంతకీ కిట్టీ ఎవరి బిడ్డ? ఇప్పుడు ఎలా తెలుస్తుంది?

ముందు సమాధి చూడాలి. కిట్టీ సమాధి ఆ చర్చి పక్కనే ఉంది. ఆమె 1860లో చనిపోయింది.

తర్వాత పాత పుస్తకాలు వెతకాలి. పిల్లల బాప్తిస్మం, పెళ్ళి, చావు, అన్నీ చర్చి పుస్తకాల్లో రాసేవారు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు అందులో సంతకం చేయాలి. చదువు రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టేవారు. మన వేలిముద్ర లాగానే!

ఇక్కడే ఒక చిక్కు ఉంది. విల్కిన్సన్ అనేది భర్త ఇంటిపేరు. ఆ పేరుతో వెతికితే 1823లో జరిగిన పెళ్ళి దొరుకుతుంది. కానీ అది రెండో పెళ్ళి. 1812లో ఆమె ఒక ఓడ పనివాడిని పెళ్ళాడింది. అప్పుడు ఆమె డెమాంటీ. ఇద్దరు పిల్లలు పుట్టారు. భర్త సముద్రంలో పోయాడు. పుట్టింటి పేరేమో సీవర్డ్. ఒకే మనిషికి మూడు ఇంటిపేర్లు! ఒక్కటి తెలియకపోయినా దారి తెగిపోతుంది.

కిట్టీ 1786లో ఐర్లండులోని డెర్రీలో పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు బతుకుతెరువు కోసం వాళ్ళంతా లివర్‌పూల్‌కు ఓడ ఎక్కారు. ఒడ్డు దగ్గరకు వచ్చాక ఓడ దెబ్బతింది. తండ్రీ, చెల్లెలూ మునిగిపోయారని చెబుతారు. కిట్టీ చిన్నతనంలోనే నూలు మిల్లులో పనికి చేరింది.

1832లో లివర్‌పూల్‌లో కలరా వచ్చింది. కిట్టీ ఇంట్లో నీళ్ళు కాచే పెద్ద కాగు ఉండేది. ఇరుగుపొరుగు వాళ్ళను రమ్మంది. వేడినీళ్ళు, బ్లీచింగ్ పొడి వేసి బట్టలు ఉతికించింది. వారానికి ఒక పెన్నీ తీసుకుంది. పెన్నీ అంటే చిన్న రాగి నాణెం. ఆ పని చూసి 1842లో ఊళ్ళో అందరి కోసం ఉతుకుడు ఇల్లు కట్టారు. 1846లో ఆ పని చూసుకోవడానికి కిట్టీని, ఆమె భర్తను పెట్టారు.

కిట్టీ పేరు కిటికీకి ఎక్కింది గనుక ఇదంతా వెతికారు. మరి మిగతా ఆడవాళ్ళ సంగతి? ఇంగ్లాండులో 1837 నుంచి పెళ్ళి కాగితంలో తండ్రి పేరు, ఆయన పని రాసేవారు. తల్లి పేరు రాయడానికి చోటే లేదు! 2021లో గానీ ఆ చోటు రాలేదు. ఎంతమంది తల్లుల పేర్లు పోయాయో!

అక్కా, ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఒక నోటు పుస్తకం తీయండి. మీ పేరు రాయండి. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు రాయండి. వాళ్ళ పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, చేసిన పని కూడా రాయండి. తెలియనివి ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు ఉండగానే అడగండి.