అటకెక్కిన టీవీకి మళ్ళీ ప్రాణం

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైన కొత్తలో మా పెదనాన్నగారు నలుపు తెలుపు టీవీ కొన్నారు. చెక్కపెట్టె, ముందు జరిపే తలుపులు. ఆయన పోయాక అది అటకెక్కింది. మొన్న సంక్రాంతికి పెద్దమ్మ దాన్ని దింపించి, "ఒక్కసారి వెలిగించరా!" అంది. నేను ప్లగ్గు పెట్టబోతుంటే, మా వీధిలోని పాత రేడియో మెకానిక్కుగారు వారించారు.

"ఏళ్ళ తరబడి పస్తున్నవాడికి ఒక్కసారే విందు పెడతామా, నాయనా?"

ఆయన చెప్పిన సంగతులు పాత సెట్లు దాచుకున్నవారందరికీ పనికివస్తాయి.

వాల్వుల సెట్టుకు రెండు పోషణలు కావాలి: ఫిలమెంట్లను వేడిచేసే కరెంటు ఒకటి, వాల్వులచేత పనిచేయించే హైటెన్షన్ రెండోది. చాలా సెట్లలో ఫిలమెంట్లు సీరియల్ బల్బుల మాదిరి వరుసగా కలిపి ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. గనుక ఒక్క వాల్వూ ఎర్రబడకపోతే ఫ్యూజు, స్విచ్చి, ఆపైన ఆ వరుస చూడాలి. వాల్వులు ఎర్రబడినా బొమ్మా, శబ్దమూ రెండూ లేకపోతే హైటెన్షన్‌ను అనుమానించాలి. రెక్టిఫయరు గాని, దానికి ముందున్న రెసిస్టెన్సు గాని పోయి ఉండవచ్చు.

బొమ్మ అంచులు పాములా మెలికలు తిరిగి, అడ్డంగా నల్లపట్టీ పాకుతూ, స్పీకరు గుయ్యిమంటే ఫిల్టరు కండెన్సరు ఎండిపోయిందన్నమాట. కరెంటులోని అలలను నునుపు చేయడం దాని పని. అదే షార్టయితే రెక్టిఫయరునూ మాడుస్తుంది.

అందుకే ఆయన ముందు కండెన్సరు మార్చారు. తరువాత 100 వాట్ల బల్బును సెట్టుతో సిరీస్‌గా కలిపి స్విచ్చి వేశారు. బల్బు తళుక్కుమని, కాస్త మందగించింది. అలాకాక నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టే!

ఒక హెచ్చరిక. ట్రాన్స్‌ఫార్మరు లేని సెట్లలో మెయిన్సు తీగ ఒకటి ఇనుప చట్రానికే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే చట్రమంతా కరెంటే. కండెన్సరులో 300 వోల్టులు స్విచ్చి తీశాక కూడా నిలిచి ఉండవచ్చు. పిక్చరు ట్యూబు దగ్గర 10,000 పైమాటే! కాబట్టి వెనక అట్ట విప్పడం తెలిసినవారికే వదలండి. మనం గుర్తులు సరిగా చెబితే చాలు. ఫ్యూజు పోయిందని లావుపాటి తీగ మాత్రం చుట్టకండి.

ఆ సాయంత్రం మెకానిక్కుగారు పాత వీడియో ప్లేయరు తగిలించి, మా అక్కయ్య పెళ్ళి క్యాసెట్టు పెట్టారు. పెదనాన్నగారు అక్షింతలు వేస్తూ కనిపించారు. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.